దాలిలో కాగిన పాలు

చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంటి వెనక దాలి ఉండేది. పొద్దున్నే పిడకలు పేర్చి, నిప్పు వేసి, పైన పాలకుండ పెట్టేది. మంట కనిపించేది కాదు. పొగ కూడా ఉందో లేదో అన్నట్టుండేది. సాయంత్రానికి చూస్తే పాలు ఎర్రగా కాగి, పైన మందంగా మీగడ కట్టి ఉండేవి. "పొయ్యి మీద పొంగే పాలను అందరు చూస్తరు. దాలిల కాగే పాలను ఎవ్వరు చూడరు. రుచి మాత్రం దానిదే" అనేది అమ్మమ్మ.

మొన్న ఇబ్రహీంపట్నం వెళ్లినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది.

మాది ఇబ్రహీంపట్నమే. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్ద చెరువు మా ఊరికి గుర్తు. ఇప్పుడు చుట్టూ ఇంజనీరింగు కాలేజీలు, వెంచర్లు వచ్చేశాయిగానీ, నా చిన్నతనంలో సాయంత్రం చివరి బస్సు పోయిందంటే ఇక ఊరు నిద్రకు పడ్డట్టే. అప్పటికింకా రంగారెడ్డి జిల్లా కూడా లేదు. 1978లో ఆ జిల్లా ఏర్పడేదాకా మేం హైదరాబాదు జిల్లావాళ్లమే.

మా వాడలో ఒక టీచరమ్మ ఉండేది. ఇరవై నాలుగేళ్లకే భర్త పోయాడు. పిల్లలు లేరు. తెల్లచీర, మెడలో సన్నటి గొలుసు, చేతిలో సంచి. ఆమెను చూస్తే పిల్లలం గోడవారగా నడిచేవాళ్లం. 1976లో సర్కారు దవాఖానకు ఒక నర్సమ్మ కొత్తగా వచ్చింది. ఆమె క్రైస్తవురాలు. పెళ్లి చేసుకోలేదు. అప్పటికి టీచరమ్మకు ముప్ఫై ఎనిమిదేళ్లు, నర్సమ్మకు రెండేళ్లు తక్కువ. ఆ రోజుల లెక్కలో ఇద్దరివీ "అయిపోయిన" వయసులే!

బడిపిల్లలకు టీకాలు వేయడానికి వచ్చింది నర్సమ్మ. ఎండన పడి నడిచి వచ్చిందని టీచరమ్మ మజ్జిగ ఇచ్చింది. అంతే మొదలు. తర్వాత ఎన్నిసార్లు ఆ బడికి టీకాలు అవసరమయ్యాయో, ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ దొరకదు. రెండో ఏడు నుంచి మధ్యాహ్నం టిఫిను డబ్బా మోసే పని నాది. ఇటు నుంచి చింతచిగురు పప్పు పోయేది, అటు నుంచి ఖాళీ డబ్బా వచ్చేది. ఖాళీ అని నేననుకునేదాన్ని. అందులో ఓరోజు నాలుగు మల్లెమొగ్గలు, ఓరోజు రేగుపండ్లు ఉండేవి.

మల్లెమొగ్గలను టీచరమ్మ తలలో పెట్టుకోలేదు. భర్త పోయిన ఆడది పూలు పెట్టుకోకూడదుగా! గాజు గ్లాసులో నీళ్లు పోసి, అందులో వేసి, రాసుకునే బల్ల మీద పెట్టుకునేది. అలా మూడేళ్లు. నాలుగో ఏడు, దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు, ఆమె జడలో ఒక్క మొగ్గ కనిపించింది. ఒక్కటంటే ఒక్కటే. వాడంతా వారం రోజులు అదే మాట్లాడుకుంది. ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. రెండో వారం రెండు మొగ్గలు పెట్టుకుంది.

నర్సమ్మకు బదిలీ అయింది. ప్రతి శనివారం బస్సు పట్టుకుని వచ్చేది. టీచరమ్మకు ప్రమోషన్ వచ్చింది, వేరే ఊళ్లో హెడ్మిస్ట్రెస్‌గా. వద్దని రాసిచ్చింది. "ఆరోగ్య కారణాల వల్ల" అని రాసిందట. ఆ తర్వాత నర్సమ్మ తిరిగి మా ఊరికే వేయించుకుంది. పరిచయమైన ఏడేళ్లకు, 1983లో, "అద్దె కలిసొస్తది" అని ఇద్దరూ ఒకే ఇంట్లోకి మారారు. 1991లో లోను పెట్టి చిన్న ఇల్లు కొనుక్కున్నారు. డబ్బు ఇద్దరిదీ. కాగితం నర్సమ్మ పేరున. లోను వచ్చింది ఆమెకు కాబట్టి.

ఊరు వాళ్లను ఏమనేది? "పాపం, ఒకరికొకరు తోడు" అనేది. "అక్కచెల్లెండ్ల లెక్క ఉంటరు" అనేది. అక్కచెల్లెళ్లు అంత ప్రేమగా ఉండడం మా వాడలో మరెక్కడా చూడలేదనుకోండి, అది వేరే సంగతి!

2009లో నర్సమ్మకు పక్షవాతం వచ్చింది. స్పృహ లేదు. నగరంలో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ ఏం జరిగిందో మొన్న టీచరమ్మే చెప్పింది. ఇప్పుడామెకు ఎనభై ఏడేళ్లు దాటాయి. చెవులు సరిగా వినపడవుగానీ జ్ఞాపకం మాత్రం పదునుగా ఉంది.

"పేషెంటుకు మీరేమవుతరని అడిగిండ్రు బిడ్డా. అక్కనని రాసిన. అక్కవైతే ఇంటిపేరెందుకు వేరే, మతమెందుకు వేరే అన్నరు. రక్తసంబంధం ఉన్నోళ్లను పిలవమన్నరు. ఇరవై ఏండ్ల సంది మొకం చూడని తమ్మునికి ఫోన్ చేసిన. ఆయనొచ్చి సంతకం పెట్టిండు. నేను బయట బల్ల మీద కూసున్న."

నాలుగో రోజు నర్సమ్మ పోయింది. తమ్ముడు శవాన్ని సొంతూరికి తీసుకుపోయాడు. సమాధి దగ్గర టీచరమ్మ వెనక వరసలో నిలబడింది. ఏడాది తిరక్కుండా ఇల్లూ తమ్ముడిదే అయింది. అతను చెడ్డవాడేమీ కాదు. చట్టం ఇచ్చింది తీసుకున్నాడు. వీలునామా లేదు, సగం డబ్బు తనదని చెప్పడానికి టీచరమ్మ దగ్గర ఒక్క కాగితం లేదు. ఇప్పుడామె అదే వాడలో ఒక గదిలో అద్దెకుంటోంది. ఆ గదిలో గోడకు ఒక నల్లగొడుగు వేలాడుతూ ఉంది. నర్సమ్మది. కమ్మీలు విరిగిపోయాయి. పారేయలేదు.

నేను అడగకూడనిది అడిగాను. పేపరువాళ్లకు ఆ జబ్బు ఉంటుంది కదా! "మీ ఇద్దరిదీ స్నేహమేనా టీచరమ్మా, లేక..." అని ఆగిపోయాను.

ఆమె చాలాసేపు నన్నే చూసింది. "పెండ్లయినోళ్లను గిట్ల ఎవరన్నా అడుగుతరా?" అంది. తర్వాత తనే అంది: "ఆమె ఇంటికి రాంది నాకు ముద్ద దిగేది కాదు. దానికేం పేరు పెడ్తవో పెట్టుకో. నువ్వు పేపర్ల రాసేదానివి గద."

అప్పటినుంచి ఆ పేరు కోసం వెదుకుతూనే ఉన్నాను. దొరకలేదు. ఎందుకు దొరకలేదు?

మనం సీరియల్ నవలలు చదివి పెరిగినవాళ్లం. యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" నాటినుంచి ఉద్యోగం చేసే ఆడపిల్ల మనకు హీరోయినే. అందులో జయంతి ఆత్మాభిమానం చూసి ఎంతమంది టైపు నేర్చుకుని ఉంటారో! నేనూ ఆ రాజశేఖరం కారు మా సందులోకి వస్తుందేమోనని ఎదురుచూసినదాన్నే. కాదనను. కానీ ఆ కథల్లో ప్రేమకు ఇరవై రెండేళ్లు. నలభై దాటిన ఆడది వస్తే తల్లిగానో, అత్తగానో, చాదస్తపు మేనత్తగానో వస్తుంది. ఆమె ఉద్యోగం చేస్తుంటే పాపం ఎవరూ లేక చేస్తున్నట్టు. ఇక ఇద్దరు నడివయసు ఆడవాళ్లు, ఇద్దరూ సంపాదించుకునేవాళ్లు, ఏడేళ్లపాటు మెల్లమెల్లగా ఒకరికొకరు దగ్గరై ఒకే ఇంటివాళ్లు కావడం... దాన్ని ప్రేమకథ అని మనకెవరు చెప్పారు?

"అప్పట్లో అలాంటివి ఉండేవి కావు" అంటారు కొందరు. ఉండేవి కావా, రాయనివ్వలేదా?

ఒక్క సంగతి చెబుతాను. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. కొలువే ఆమె ఉద్యోగం. ఆమె తెలుగులో "రాధికా సాంత్వనం" రాసింది. తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆ తర్వాత ఎడబాటుతో వేగిపోయే రాధ కథ అది. ఆడదాని కోరికను ఆడదే దాపరికం లేకుండా రాసింది. తర్వాతి కాలంలో కందుకూరి వీరేశలింగంగారంతటివారు కూడా ఆ రాతలు స్త్రీల నోట రాదగినవి కావన్నారు. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఊరుకోలేదు. ఆమె కూడా పాట పాడి సొంతంగా బతికిన కళాకారిణి. ప్రతులు వెదికి, పరిష్కరించి, 1910లో ఆ పుస్తకాన్ని వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించారు. మగకవులు అంతకన్నా పచ్చిగా రాసినప్పుడు లేని అభ్యంతరం ముద్దుపళని దగ్గరే ఎందుకొచ్చిందని నిలదీశారు. అప్పటి ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం వచ్చాకగానీ ఆ నిషేధం తొలగలేదు. 1952లో మళ్లీ అచ్చయింది. నాగరత్నమ్మగారు కన్నుమూసిందీ ఆ ఏడే.

మగవాడి మీద, అదీ దేవుడి మీద, ఆడది పడ్డ కోరికనే ఇన్నేళ్లు తాళం వేసి ఉంచారే! మరి ఇద్దరు ఆడవాళ్ల మధ్య కోరికను ఎవరు అచ్చు వేస్తారు? అయినా ఒకటి గమనించండి. ముద్దుపళని పోయిన ఎన్నో ఏళ్లకు, ఆమె ముఖమైనా ఎరగని మరో ఆడది ఆమె మాట నిలబెట్టడానికి పోట్లాడింది. అది ప్రేమ కాకపోతే మరేమిటి?

మన దగ్గరే కాదు. అమెరికాలో బోస్టన్ దగ్గర వెల్లెస్లీ అనే ఆడపిల్లల కాలేజీ ఉంది. అక్కడ కాథరిన్ లీ బేట్స్ ఆంగ్ల సాహిత్యం చెప్పేది. కాథరిన్ కోమన్ అర్థశాస్త్రం చెప్పేది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. దాదాపు పాతికేళ్ల తోడు వాళ్లది. అమెరికావాళ్లు జాతీయగీతమంత ఇష్టంగా పాడుకునే దేశభక్తి గీతం ఒకటి బేట్స్ రాసిందే. కోమన్ 1915లో రొమ్ము క్యాన్సరుతో పోయింది. ఆమె జ్ఞాపకంగా బేట్స్ 1922లో ఒక కవితల పుస్తకం తెచ్చింది. అలా కలిసి బతికే చదువుకున్న ఆడవాళ్లు అక్కడ ఎంతమంది ఉండేవారంటే, ఆ కాపురాలకు "బోస్టన్ పెళ్లిళ్లు" అనే పేరే వచ్చింది. వాళ్లది ప్రేమా, స్నేహమా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆడామగా పాతికేళ్లు కలిసి ఉంటే ఆ వాదన రాదు!

మన దేశంలో 1987 డిసెంబరులో మధ్యప్రదేశ్‌లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు పెళ్లి చేసుకున్నారు. ఉద్యోగాలు పోయాయి. 1998లో దీపా మెహతా తీసిన "ఫైర్" సినిమా వచ్చినప్పుడు ముంబయి, ఢిల్లీల్లో థియేటర్ల మీద దాడులు జరిగాయి. ఉద్యోగాలు తీయించే ప్రేమను ఎవరు బయటపెట్టుకుంటారు చెప్పండి? మా టీచరమ్మ "అక్క" అని రాసిందంటే అబద్ధమాడిందని కాదు. ఆ ఫారంలో ఆమెకు వేరే గడి లేదు.

చరిత్ర రాసేవాళ్లు ఆధారాలు కావాలంటారు. ఆధారాలు ఉన్నాయి. వద్దనుకున్న ప్రమోషన్ కాగితం ఉంది. సొంతూరు కాని ఊరికే మళ్లీ బదిలీ అడిగిన దరఖాస్తు ఉంది. విరిగిన గొడుగు ఉంది. చదివే కళ్లు కావాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ల పాత్ర గురించి 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది. ఎలా తెచ్చింది? ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరకు వెళ్లి, కూర్చుని, అడిగింది. అంతే. అడిగితేనే కదా తెలిసేది! ఇలాంటి జంటల సంగతీ అంతే. అడగవలసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

కథ లేకపోతే నష్టమేమిటి అని మీరనొచ్చు. కథ లేని సంబంధానికి ఆఫీసులోనూ పేరుండదు, ఆసుపత్రిలోనూ పేరుండదు. అదీ నష్టం.

ఇప్పుడు రోజులు కొంత మారాయి. ఇష్టపడి కలిసి బతికే పెద్దవాళ్లను, ఇద్దరూ ఆడవాళ్లయినా, మగవాళ్లయినా నేరస్తులుగా చూడకూడదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబమంటే తల్లీతండ్రీ పిల్లలే కానక్కర్లేదు, ఇలాంటి జంటలూ కుటుంబమేనని 2022లో మరో తీర్పులో అంది. 2023 అక్టోబరు 17న మాత్రం పెళ్లి హక్కు ఇవ్వలేం, అది చట్టసభల పని అంది. అలాంటి ఇద్దరు కలిసి బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా రాసుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. పెళ్లి ఒక్కటే కుటుంబానికి దారి కాదని 2025 మేలో మద్రాసు హైకోర్టు కూడా అంది. కానీ కుటుంబ పింఛను దగ్గరకొచ్చేసరికి మా టీచరమ్మలాంటివాళ్లకు ఇప్పటికీ చోటు లేదు.

కాబట్టి కథలు వచ్చేదాకా, చట్టాలు వచ్చేదాకా, మన చేతిలో ఉన్న పని మనం చేసుకుందాం. స్నేహితురాలితోనో, తోటి ఉద్యోగినితోనో, వదినతోనో, ఎవరితో జీవితం పంచుకుంటున్నా ఇది మీకోసమే.

మొదటిది వీలునామా. మీ సొంత సంపాదన ఎవరికైనా రాసివ్వొచ్చు. తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి, వాళ్లూ పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదుగానీ చేయించడం మంచిది. హిందూ స్త్రీలు మరీ గమనించాలి. పిల్లలు లేని వితంతువు వీలునామా రాయకుండా పోతే, ఆమె కష్టార్జితం కన్న తల్లిదండ్రులకన్నా ముందు భర్త తరఫు వారసులకు పోతుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెప్పే మాట ఇది. మనలో ఎంతమందికి తెలుసు?

రెండోది, నామినీ అని రాశాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. బ్యాంకులో నామినీ డబ్బు తీసుకోగలదు, అంతమాత్రాన అది ఆమె సొంతం కాదు. వారసులు అడిగితే ఇవ్వాల్సిందే. వీలునామా ఉంటేనే ఆ డబ్బు మీరనుకున్న మనిషిదవుతుంది.

మూడోది, ఇద్దరి డబ్బుతో కొన్న ఇంటికి ఇద్దరి పేర్లూ ఉండాలి. "మన మధ్య కాగితాలేమిటి" అనుకోవడం ప్రేమ కాదు, బద్ధకం. మా టీచరమ్మ మాటే ఇది. "గప్పుడు అడుగుతె ఆమె ఏమనుకుంటదోనని అడగలే. ఆమె కూడా గట్లనే అనుకున్నదేమో" అంది.

నాలుగోది, ఒంట్లో బాగున్నప్పుడే "నాకు స్పృహ లేకపోతే నా గురించి ఈమెను అడగండి" అని రాసి పెట్టండి. మీ డాక్టరుకూ, మీ బంధువులకూ ఆ సంగతి చెప్పి ఉంచండి. ఆసుపత్రులు అన్నీ ఒప్పుకోకపోవచ్చు. కానీ కాగితమే లేకపోతే బయట బల్లే గతి.

ఇవన్నీ ఎండు కాగితాలనుకోకండి. నా దృష్టిలో ఇవి కూడా ప్రేమలేఖలే.

వచ్చేటప్పుడు టీచరమ్మను అడిగాను, "మీ కథ రాయనా?" అని. "పేర్లు రాయకు. ఆమె లేదు గద, అడగనీకి" అంది. అడగనిదే ఆమె పేరు చెప్పనని ఇప్పటికీ పట్టుబట్టింది, చూశారా! గుమ్మం దాకా వచ్చి, గోడ పక్క మల్లెతీగ నుంచి మొగ్గ ఒకటి తుంచి నా చేతిలో పెట్టింది. ఆ గదిలో బల్ల మీద గాజు గ్లాసు ఉంది. అందులో నీళ్లున్నాయి.

మీ వాడలోనూ ఇలాంటి ఇద్దరు ఉండే ఉంటారు. "పాపం తోడు" అని మీరూ అని ఉంటారు. ఈసారి వాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. ఏమవుతారని అడగకండి. ఎలా కలిశారో అడగండి. వాళ్లు చెప్పింది, వాళ్లు రాయమంటేనే, మాకు రాసి పంపండి. పేర్లు అక్కర్లేదు.

దాలి మూత తీసి చూసేవాళ్లు లేకనే గానీ, పాలు కాగుతూనే ఉన్నాయి.